డెబోరా పింఛను ఫైలు: షరాన్ నుంచి ప్రాజెక్టు డైరీ

రోజు 1

అమ్మాయి వాళ్ళింటికి వచ్చి మూడు వారాలైంది. ఊరి పేరు షరాన్, బోస్టన్‌కి దక్షిణాన ఉంటుంది, ఎటు చూసినా చెట్లే, రోడ్డు మీద మనిషి కనబడితే ఆ రోజుకి అదే వార్త. ఆరు నెలలు ఎలా గడపాలిరా దేవుడా అనుకుంటుంటే ఏడో క్లాసు చదివే మనవరాలు ఒక కాగితం పట్టుకొచ్చింది. స్కూలు ప్రాజెక్టట. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన ఒక సైనికుణ్ణి ఎంచుకుని, ముత్తాతల నుంచి పిల్లల దాకా వంశవృక్షం గియ్యాలి, అందులో ఒక్కో పేరు గడికీ ఏదో ఒక కాగితం రుజువుగా చూపించాలి. "తాతయ్యా, నువ్వు రిజిస్ట్రారాఫీసులో చేశావు కదా, నీకు పాత కాగితాలు చదవడం వచ్చు కదా" అంది. ఎందుకు రాదు, 32 ఏళ్ళు తిన్న తిండి అదే.

సైనికుడెవరు అంటే నవ్వింది. సైనికుడు కాదు, సైనికురాలు. డెబోరా సాంప్సన్. మగవేషం వేసుకుని రాబర్ట్ షర్ట్‌లిఫ్ అనే పేరుతో మసాచుసెట్స్ 4వ రెజిమెంటులో చేరి ఏడాదిన్నర దాకా పనిచేసింది. పెళ్ళయ్యాక ఈ షరాన్‌లోనే కాపురం, ఇక్కడే 1827లో పోయింది. ఊళ్ళో ఆమె పేరుతో వీధి ఉంది, విగ్రహం కూడా ఉంది. నేను రోజూ వాకింగుకి వెళ్తూ ఆ వీధి బోర్డు చూస్తున్నాను, ఎవరో దొరసాని అనుకున్నానంతే.

రోజు 2

వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ దగ్గర ఈ యుద్ధం తాలూకు పింఛను దరఖాస్తుల ఫైళ్ళు 80,000 పైచిలుకు ఉన్నాయి. మైక్రోఫిల్ము చుట్టలే 2,670. అవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు, పైగా ఎవరైనా ఖాతా తెరుచుకుని ఆ చేతిరాతని చదివి టైపు చేసి పెట్టొచ్చు. అమ్మాయి నాకూ ఒక ఖాతా తెరిచి పెట్టింది.

సాంప్సన్ అని వెతికాం. చాలామంది సాంప్సన్లు వచ్చారు, మన డెబోరా మాత్రం లేదు. రాబర్ట్ షర్ట్‌లిఫ్ అని వెతికాం, అక్కడా లేదు. మనవరాలు డీలా పడిపోయింది. నాకు మాత్రం వెంటనే తట్టింది: ఫైలు ఎప్పుడు మొదలైందో అప్పటి పేరు మీదే ఉంటుంది. పింఛను అడిగేనాటికి ఆమెకి పెళ్ళయిపోయింది, మొగుడి ఇంటిపేరు గానెట్. గానెట్ అని కొడితే దొరికింది. మన దగ్గరా ఆడవాళ్ళ ఆస్తి కాగితాలు వెతికేటప్పుడు ఇదే తంటా, పుట్టింటి పేరుతో ఒకటి, అత్తింటి పేరుతో ఒకటి, మధ్యలో ఎవడో గుమాస్తా సొంతంగా పెట్టిన పేరుతో ఇంకొకటి.

ఫైలు నంబరు ముందు 'ఎస్' అని అక్షరం ఉంది. సైనికుడు బతికుండి తీసుకున్నదైతే ఎస్, విధవ భార్య తీసుకున్నదైతే డబ్ల్యూ, తిరగ్గొట్టినదైతే ఆర్. ఫైలు తెరవకుండానే సగం సంగతి ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది.

రోజు 5

రాత గురించి చెప్పాలి. అంతా గొలుసుకట్టు. రెండు రోజులు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కళ్ళజోడు మార్చాలేమో అని అల్లుడు అనేదాకా వచ్చింది. మసాచుసెట్స్ అని ఉండాల్సిన చోట 'మాఫ్సచుసెట్స్' అన్నట్టు కనబడుతోంది. తర్వాత తెలిసింది, ఆ రోజుల్లో రెండు 'ఎస్'లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, అచ్చం 'ఎఫ్' లాగా రాసేవారట. మన పాత దస్తావేజుల్లో అరసున్నలూ బండి ఱలూ కొత్తగా చేరిన కుర్రాళ్ళని ఎలా తికమకపెడతాయో ఇదీ అంతే. ఆ ఒక్క కిటుకు తెలిశాక తాళం తీసినట్టయింది.

ఇంకో సంగతి. వీళ్ళ కోర్టు భాషలో మాటమాటకీ 'సెడ్' అని వస్తుంది, సెడ్ డెబోరా, సెడ్ రెజిమెంటు. మనవరాలు దానికి అర్థం అడిగితే 'సదరు' అన్నాను. ఆ పిల్లకి సదరు అంటే ఏమిటో తెలీదు! సరే, రెండు భాషలూ ఒకేసారి నేర్పుతున్నాను.

రోజు 6

పై తరాలు మొదలుపెట్టాం. ఇక్కడ మాత్రం పని తేలిక, ఎందుకంటే 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో వలస వచ్చినవాళ్ళ సంతానం లెక్కలు ఈ రాష్ట్రంలో గోత్రాల కన్నా గట్టిగా రాసి పెట్టుకున్నారు. తల్లి పేరు డెబోరా బ్రాడ్‌ఫర్డ్. ఆమె తండ్రి ఎలీషా, ఆయన తండ్రి జోసెఫ్, ఆయన తండ్రి ప్లిమత్ కాలనీ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్. తండ్రి జోనథన్ సాంప్సన్ వైపు పోతే మైల్స్ స్టాండిష్, జాన్ ఆల్డెన్, ప్రిసిల్లా మల్లిన్స్, వీళ్ళూ ఆ ఓడలో వచ్చినవాళ్ళే. ఇక్కడి లెక్కలో ఇంతకు మించిన వంశం లేదు.

ఇంత వంశంలో, 1760 డిసెంబరు 17న ప్లింప్టన్ అనే ఊళ్ళో పుట్టిన పిల్లని పదేళ్ళ వయసులో పక్కూరు మిడిల్‌బరోలో జెరెమయా థామస్ అనే రైతు ఇంట్లో పనికి పెట్టారు. 18 ఏళ్ళు నిండేదాకా అక్కడే. తిండీ బట్టా తప్ప జీతం లేదు. తర్వాత మగ్గం నేసింది, రెండు వేసవులు బడిపంతులమ్మగా చేసింది. గవర్నరు మునిమనవరాలి కూతురు పాలేరుతనం చేసిందంటే మనవరాలు నమ్మలేదు. నాకు ఆశ్చర్యం లేదు. తాత దివాణంలో ఉన్నాడని చెప్పుకుంటూ ఆఖరి అరెకరం రిజిస్ట్రేషనుకి వచ్చినవాళ్ళని ఎంతమందిని చూడలేదు.

రోజు 8

తండ్రి సంగతి తేలింది. ఇంట్లో చెప్పుకున్న మాట ఏమిటంటే జోనథన్ సముద్రం మీద పోయాడని. కాగితాలు వేరే చెబుతున్నాయి. ఆయన భార్యాపిల్లల్ని వదిలేసి మెయిన్ అనే ప్రాంతంలో లింకన్ కౌంటీకి పోయి అక్కడ మార్తా అనే ఆవిడతో కాపురం పెట్టాడు, పిల్లలు కూడా. 1794లో ఒక ఆస్తి వ్యవహారానికి ప్లింప్టన్ వచ్చి వెళ్ళాడు. సముద్రంలో పోయినవాడు ఆస్తి వ్యవహారానికి ఎలా వస్తాడు? భూమి కాగితంలో ఎన్ని అబద్ధాలైనా ఉండొచ్చు గానీ సంతకం పెట్టినవాడు ఆ రోజుకి బతికున్నాడన్నది మాత్రం దాగదు. (వేరేవాడొచ్చి సంతకం పెట్టిన కేసులూ చూశాననుకోండి, అది వేరే కథ.)

మనవరాలికి ఇది రాయాలా వద్దా అని టెన్షన్. "వాళ్ళమ్మ సిగ్గుపడి ఉంటుంది తాతయ్యా, అందుకే సముద్రం అని చెప్పింది." అయ్యుండొచ్చు. చార్టులో మార్తాకి మాత్రం నిండు గీత కాకుండా తుంపు గీతల గడి వేశాం.

రోజు 11

మధ్యలో దారి తప్పి మూడు రోజులు వేరే ఫైళ్ళు చదువుతూ కూర్చున్నాను, నిజం చెప్పాలంటే అసలు మజా అక్కడే ఉంది. 1800 నవంబరులో వార్ డిపార్టుమెంటు కాలిపోయి అంతకుముందు దరఖాస్తులన్నీ బూడిదైపోయాయి. కాబట్టి ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా 1818 చట్టం, ఆ తర్వాతవి. 1818లో ఏమన్నారంటే, కాంటినెంటల్ సైన్యంలో, అంటే రాష్ట్రాలన్నీ కలిసి నడిపిన సైన్యంలో, 9 నెలలు చేసి ఇప్పుడు బీదరికంలో ఉంటే మామూలు సిపాయికి నెలకి 8 డాలర్లు, ఆఫీసరుకి 20. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది వచ్చి పడ్డారు, సర్కారు బెంబేలెత్తి 1820లో ఇంకో మెలిక పెట్టింది: బీదవాడివైతే నీ ఆస్తి మొత్తం జాబితా రాసి కోర్టులో ప్రమాణం చెయ్యి. మన తెల్లకార్డు సర్వేలాంటిదే.

ఆ జాబితాలే ఇవాళ బంగారం. జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అని కనెక్టికట్ సిపాయి, 15 ఏళ్ళ వయసులో చేరి, ఆ యుద్ధంలో ఆఖరి పెద్ద పోరు జరిగిన యార్క్‌టౌన్ దాకా చేశాడు, తర్వాత మెయిన్‌లో సాగు చేసుకుంటుంటే ఆ భూమి తనదని పాత జనరల్ హెన్రీ నాక్స్ దావా. 1820లో మార్టిన్ ఆస్తి: 2 ఆవులు, 6 గొర్రెలు, 1 పంది. భార్యకి జబ్బు, అయిదుగురు పిల్లలు. అంతా రాసి ఉంది. కలిగినవాళ్ళు ఈ పింఛను అడగలేదు, వాళ్ళింట్లో ఆవులెన్నో ఈ ఫైళ్ళలో ఎక్కడా రాయలేదు. లేనివాడి ఇల్లు మాత్రం దుప్పటితో సహా సర్కారు దగ్గర భద్రంగా ఉంది.

విధవల ఫైళ్ళు ఇంకా వింత. పెళ్ళికి రుజువు కావాలంటే ఏం చూపిస్తారు? ఇంట్లో బైబిలు మొదట్లో పెళ్ళిళ్ళూ పుట్టుకలూ చావులూ రాసుకునే పేజీ ఉంటుంది కదా, దాన్నే చింపి వాషింగ్టన్‌కి పంపేశారు. చాలా ఫైళ్ళలో ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. పింఛను వచ్చింది, పేజీ మాత్రం తిరిగి రాలేదు. మా ఆవిడ విని "మన పెళ్ళి శుభలేఖ కూడా ఆఫీసులో ఇచ్చి ఇలాగే పోగొట్టారు మీరు" అంది. నిజమే. ఫ్యామిలీ పింఛను కాగితాల్లో కలిపిచ్చాను, మళ్ళీ కనబడలేదు.

ఎస్తర్ డేమన్ అని వెర్మాంటు ఆవిడ ఈ యుద్ధం తాలూకు ఆఖరి విధవ పింఛనుదారు. 1835లో 21 ఏళ్ళ పిల్లగా డెబ్బై దాటిన మాజీ సిపాయిని చేసుకుంది, 1906లో పోయింది. యుద్ధం ముగిసింది 1783లో. లెక్క మీరే వేసుకోండి.

రోజు 14

మళ్ళీ డెబోరా దగ్గరికి. 1818 సెప్టెంబరులో ఆమె ఇచ్చిన వాంగ్మూలం పూర్తిగా టైపు చేశాం, నాలుగు గంటలు పట్టింది. రాబర్ట్ షర్ట్‌లిఫ్ పేరుతో చేరాను, కెప్టెన్ వెబ్ కంపెనీ, టారీటౌన్ దగ్గర గాయం, చివరికి గౌరవంగా విడుదల కాగితం ఇచ్చారు గానీ అది పోయింది. ఇంతవరకూ బాగుంది. చేరింది ఎప్పుడంటే 1781 ఏప్రిల్ అంది. యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ పట్టుబడినప్పుడు అక్కడున్నానంది.

మనవరాలు వెంటనే ఇంకో కాగితం తీసింది. 1792 జనవరిలో మసాచుసెట్స్ చట్టసభ ఆమెకి బకాయి జీతం కింద 34 పౌండ్లు మంజూరు చేసింది, గవర్నరు జాన్ హాంకాక్ సంతకం. అందులో చేరిన తేదీ 1782 మే 20, విడుదల 1783 అక్టోబరు 23. యార్క్‌టౌన్ లొంగుబాటు 1781 అక్టోబరు 19న. అంటే అప్పటికి ఆమె ఇంకా చేరనే లేదు.

"అబద్ధం చెప్పిందా తాతయ్యా?" పిల్ల మొహం చిన్నబోయింది. అంత తొందరపడకమ్మా అన్నాను. నా సొంత పుట్టినరోజు రికార్డులో జూలై 1. మా వీధిబడి పంతులుగారు ఊళ్ళో పిల్లలందరికీ అదే తేదీ రాశారు. ఆ జూలై 1 మీదే ఉద్యోగం చేశాను, ఆ జూలై 1 మీదే రిటైరయ్యాను, పింఛనూ దాని మీదే. మా అమ్మ చెప్పింది మాత్రం కార్తీకమాసం.

రోజు 15

రాత్రి నిద్ర పట్టలేదు. రెండు కాగితాలు కొట్టుకుంటే మా ఆఫీసులో మొదట అడిగేది, ఏది సంగతి జరిగిన దగ్గర్లో రాసింది, ఎవరికి దేనికోసం రాసింది అని. 1792 నాటిది సేవ ముగిసిన ఎనిమిదేళ్ళకి, జీతం లెక్క కట్టడానికి రాసింది. 1818 నాటిది 35 ఏళ్ళకి. సరే, పింఛను కోసం తేదీ వెనక్కి జరిపిందా? అదీ కుదరదు. చట్టం అడిగింది 9 నెలలే, 1782 మే నుంచి లెక్కేసినా ఆమెకి 17 నెలలున్నాయి. ఆ అదనపు ఏడాది పింఛనుకి ఒక్క సెంటు కూడా పెంచదు.

మరి ఎందుకు? నా ఊహ ఇది. 1797లో ఆమె జీవితం మీద ఒకాయన పుస్తకం రాశాడు, అందులో ఆమెని 1781లోనే చేర్పించి యార్క్‌టౌన్‌కి పంపించాడు, మసాలా బాగానే దట్టించాడు. 1802లో ఆమె ఊరూరా తిరిగి టికెట్టు పెట్టి ప్రసంగాలు చేసింది, చివర్లో యూనిఫాం వేసుకుని తుపాకీ కవాతు చేసి చూపించేది. యార్క్‌టౌన్ వీరవనితగా నాలుగు ఊళ్ళకీ తెలిసిపోయాక కోర్టులో నిలబడి అది కాదండీ, మరుసటేడు చేరాను అని ఎలా అంటుంది?

రోజు 17

అసలు దెబ్బ ఇవాళ. 2019లో ఫిలడెల్ఫియాలో అమెరికా విప్లవ మ్యూజియం వాళ్ళు ఒక సిపాయి డైరీ సంపాదించారు. ఆబ్నర్ వెస్టన్, మిడిల్‌బరో ఊరివాడే. 1782 జనవరిలో రాసుకున్నాడు: మా ఊళ్ళో ఒక వింత జరిగింది, డెబోరా సాంప్సన్ మగబట్టలు కట్టుకుని మూడేళ్ళ సేవకి డబ్బు తీసుకుని ఒప్పుకుంది, తీరా దొరికిపోయి డబ్బు తిరిగిచ్చి నష్టం కట్టింది అని. స్పెల్లింగులు చూస్తే మా మనవరాలు పగలబడి నవ్వింది, ఇంగ్లీషు టీచరైతే కొట్టేసేది.

ఇతనికి పింఛనుతో పని లేదు, పుస్తకం అమ్ముకునేది లేదు, ఊళ్ళో వింత కాబట్టి రాసుకున్నాడు. అంటే 1782 జనవరికి ఆమె ఇంకా సొంతూళ్ళోనే, మొదటి ప్రయత్నంలో పట్టుబడి ఉంది. తర్వాత మేలో ఎవరూ గుర్తుపట్టని చోట, అక్స్‌బ్రిడ్జ్ వెళ్ళి చేరింది. మిడిల్‌బరో బాప్టిస్టు చర్చి పుస్తకంలో 1782 సెప్టెంబరు 3న ఆమెని వెలేసినట్టు ఉంది, మగబట్టలు కట్టి సైన్యంలో చేరిందనే ఆరోపణ మీద. మూడు చేతులు, మూడు అవసరాలు, అన్నీ ఒకే ఏడాది చూపిస్తున్నాయి. మనవరాలు నాకు హైఫై ఇచ్చింది. అదెలా ఇవ్వాలో మొదట నాకు తెలీలేదు.

రోజు 19

కింది తరం. 1785 ఏప్రిల్ 7న షరాన్ రైతు బెంజమిన్ గానెట్‌తో పెళ్ళి. పిల్లలు ఎర్ల్, మేరీ, పేషెన్స్, ఇంకా సుసానా అనే పాపని పెంచుకున్నారు. కాగితాల్లో కొడుకు పేరు 'ఎర్ల్ బి.' అని ఉంటుంది, ఆ బి ఏమిటా అని చూస్తే బ్రాడ్‌ఫర్డ్. అమ్మమ్మ పుట్టింటి పేరు! మన దగ్గర తాతల పేర్లు పెట్టుకున్నట్టు వీళ్ళు ఆడవాళ్ళ ఇంటిపేర్లని మధ్య పేరుగా దాచుకుంటారన్నమాట. వంశవృక్షాలు గీసేవాళ్ళు మధ్య పేరు వదలకండి, సగం పెళ్ళిళ్ళు అక్కడే దొరుకుతాయి.

పొలం నాసిరకం, అప్పులు. 1804లో పాల్ రివీర్ ఆమె తరఫున కాంగ్రెసు (అంటే వీళ్ళ పార్లమెంటు) సభ్యుడు విలియం యూస్టిస్‌కి ఉత్తరం రాశాడు. అర్ధరాత్రి గుర్రమెక్కి ఊళ్ళని లేపాడని పాఠాల్లో చదివే రివీరే, పక్కనే కాంటన్‌లో ఉండేవాడు. మగరాయుడిలా పొడుగ్గా ఉంటుందనుకున్నాను, తీరా చూస్తే చిన్నగా, సుకుమారంగా, కలుపుగోలుగా మాట్లాడే ఆవిడ అని రాశాడు. 1805లో నెలకి 4 డాలర్ల గాయం పింఛను వచ్చింది. 1806లో ఆవిడే రివీర్‌కి ఉత్తరం రాసి 10 డాలర్లు చేబదులు అడిగింది. పింఛను వచ్చాక కూడా చేబదులు. నెలాఖరు అన్ని దేశాల్లోనూ ఒకటే.

రోజు 21

ఇది చదివి నేనూ మా ఆవిడా చాలాసేపు మాట్లాడుకున్నాం. 1836లో విధవలకి పింఛను చట్టం వచ్చింది, సేవ ముగియకముందే పెళ్ళయినవాళ్ళకి. డెబోరా పెళ్ళి సేవ ముగిశాక. పైగా ఇక్కడ మిగిలింది విధవ కాదు, మొగుడు. చట్టం రాసినవాళ్ళ ఊహలో కూడా లేని మనిషి. బెంజమిన్ అర్జీ పెట్టుకున్నాడు, తీర్పు రాకముందే 1837 జనవరిలో పోయాడు. కాంగ్రెసు 1838 జూలై 7న ప్రత్యేకంగా చట్టం చేసి వారసులకి, అంటే ఎర్ల్ బి. గానెట్, మేరీ గిల్బర్ట్, పేషెన్స్ గే ముగ్గురికీ 466 డాలర్ల 66 సెంట్లు ఇచ్చింది.

ఈ 66 సెంట్లు ఎక్కడివి అని మనవరాలిని లెక్క కట్టమన్నాను. ఏడాదికి 80 డాలర్లు, 1831 మార్చి 4 నుంచి 1837 జనవరి దాకా. అయిదేళ్ళ పది నెలలు. సరిగ్గా వచ్చింది! మా సర్వీసులో డీఏ బకాయి లెక్క ఇంత శుభ్రంగా తేలిన రోజు నాకు గుర్తు లేదు. ఆ ఒక్క వాక్యం చట్టంలో కూతుళ్ళ అత్తింటి పేర్లున్నాయి, వాటితోనే కింది తరం గడులు నిండిపోయాయి.

రోజు 24

రాక్ రిడ్జ్ శ్మశానానికి వెళ్ళాం, నలుగురం. ఊళ్ళోనే. రాయి ముందు వైపు బెంజమిన్ గానెట్ భార్య డెబోరా అని ఉంది, మామూలు ఇల్లాలి రాయి. వెనక్కి తిరిగి చూస్తే రాబర్ట్ షర్ట్‌లిఫ్ పేరు, ఆడ సిపాయి అన్న మాట, సేవ 1781 నుంచి 1783 దాకా. మళ్ళీ 1781! మనవరాలు ఆ అంకె మీద వేలు పెట్టి నా వైపు చూసింది. మా ఆవిడ ఇంట్లోంచి తెచ్చిన రెండు బంతిపూలు రాయి మొదట్లో పెట్టింది. ఎందుకో నేను అడగలేదు.

రోజు 26

చార్టు పూర్తయింది, తండ్రి మెయిన్‌కి పోయి పెట్టిన రెండో కాపురం కొమ్మ ఒక్కటి తప్ప. మార్తా పిల్లల పేర్లకి కాగితం దొరకలేదు, గడులు ఖాళీగానే వదిలేశాం. డెబోరా గడిలో మనవరాలు 1782 మే 20 అని రాసి, కింద చిన్నక్షరాలతో 1792, 1818, డైరీ, చర్చి, రాయి అని అయిదింటినీ వరసగా వేసింది, ఏది ఏ తేదీ చెబుతోందో పక్కనే పెట్టి.

సాయంత్రం ఆ 1818 వాంగ్మూలం టైపు ప్రతిని ఆర్కైవ్స్ ఖాతాలో పెట్టబోతుంటే, 1781 దగ్గర ఆగి "ఇది తప్పని మనకి తెలుసు కదా, దిద్దేద్దామా" అంది. ఒద్దు, ఉన్నదున్నట్టు కొట్టాలి, అక్కడి రూలూ అదే. కొట్టేసింది. సేవ్ నొక్కే ముందు 'సదరు' అంటే గుర్తుందా అని అడిగాను.

"సెడ్" అంది.